గుడ్డ సంచి 20 వేల సార్లు వాడాలట! ఆ మెసేజ్‌కి నా జవాబు

నాలుగైదు రోజులుగా ఒడిశాలోని మా బరంపురం తెలుగువాళ్ళ గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా వదిన పంపింది, పిల్లల ట్యూషన్ గ్రూపులో వచ్చింది, ఇచ్ఛాపురంలో ఉండే మా పిన్ని కూడా "ఇది చూశావటే, నువ్వు ఊరికే సీసాలూ సంచులూ అంటూ తిప్పలు పడుతున్నావు" అని పంపింది. చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెబుతాను. గుడ్డ సంచి 20 వేల సార్లు వాడితేగానీ ఒక ప్లాస్టిక్ కవరుతో సమానం కాదని డెన్మార్క్ ప్రభుత్వమే తేల్చిందట. పేపర్ కప్పులోనూ ప్లాస్టిక్ ఉంది కాబట్టి ఏదైనా ఒకటేనట. ఇప్పుడు మట్టిలో కలిసిపోయే కవర్లు వచ్చేశాయట. పైగా మన దేశంలో ప్లాస్టిక్కంతా ఏరి రీసైకిల్ చేసేస్తారట. అందుకని ఈ నిషేధాలన్నీ చిన్న వ్యాపారుల పొట్ట కొట్టడానికే, హాయిగా కవర్లు వాడుకోండి అని ముగించారు.

నేను పదకొండేళ్ళుగా ఊరగాయలు, అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతున్నాను. దేంట్లో పెట్టి ఇవ్వాలి అన్నది నాకు రోజూ ఉండే టెన్షన్. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. మెసేజ్‌లో నిజాలు లేకపోలేదు, వాటిని ఒప్పుకుంటూనే చెబుతాను.

ముందు గుడ్డ సంచి సంగతి, ఎందుకంటే అందరూ పట్టుకున్నది దాన్నే. ఆ నివేదిక ఉన్నమాట నిజం. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో విడుదల చేసింది. 20 వేలు అన్నది ఆర్గానిక్ పత్తి సంచి లెక్క, మామూలు పత్తి సంచికి వాళ్ళు చెప్పింది 7,100 సార్లు. వాళ్ళు ఒక్కో సంచికీ రకరకాల నష్టాలు విడివిడిగా లెక్కగట్టారు: వాతావరణం వేడెక్కడం, నీటి వాడకం, ఓజోన్ పొర దెబ్బతినడం, ఇలా చాలా. వీటిలో ఏ ఒక్కదాంట్లోనూ ప్లాస్టిక్ కవరు కంటే ఎక్కువ నష్టం ఉండకూడదు అంటే ఎన్నిసార్లు వాడాలో, అదీ ఆ పెద్ద అంకె. పత్తి సంచికి అది ఓజోన్ లెక్క దగ్గర వచ్చింది. పైగా ఆర్గానిక్ సంచి వాళ్ళు తీసుకున్న కొలతకు చిన్నది కావడంతో ఒక కవరుకు బదులు రెండు సంచులు లెక్కలో వేశారు. ఒక్క వాతావరణం వేడెక్కే లెక్క చూస్తే, అదే నివేదికలో మామూలు పత్తి సంచికి 52 సార్లు, ఆర్గానిక్ సంచికి 149 సార్లు అని ఉంది. 52 అంటే వారానికోసారి కూరగాయలకు వెళ్ళే ఇంట్లో ఒక్క ఏడాది. మా వంటింటి తలుపు వెనక వేలాడే సంచికి ఆరేళ్ళు.

ఇంకో సంగతి చూడండి. ఆ లెక్కలో ప్లాస్టిక్ కవరు ఏమవుతుందంటే, ఒకసారి సరుకులకు వాడతారు, తరవాత చెత్తబుట్టలో వేసే కవరుగా వాడతారు, ఆపైన అది కరెంటు, వేడి తీసే కొలిమిలోకి వెళ్ళి కాలిపోతుంది. రోడ్డు మీద పడేసిన కవరు చేసే నష్టం ఆ లెక్కలో లేనే లేదు, ఎందుకంటే వాళ్ళ దేశంలో అది పట్టించుకోనక్కర్లేనంత తక్కువ అనుకున్నారు. మన ఊళ్ళో కవరు కథ అలాగే నడుస్తోందా? వాన పడిందంటే మా వీధి కాలువ ఎందుకు పొంగుతుందో పూడిక తీసే మనిషిని అడగండి, పారకు తగిలేదంతా కవర్లే. కూరగాయల తొక్కులు కవరులో మూటగట్టి గేటు బయట పెడితే ఆవు ఆ మూటను మూటలాగే మింగుతుంది. కాలువలోంచి వాగులోకి, వాగులోంచి సముద్రంలోకి. మనకు పక్కనే గోపాలపూర్ తీరం, ఇంకాస్త పైకి వెళితే ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెట్టే ఇసుక. నీళ్ళలో తేలే కవరు తాబేలు కంటికి జెల్లీ ఫిష్‌లా కనిపిస్తుంది, తినేస్తుంది. డెన్మార్క్ లెక్క తెచ్చి ఇక్కడ చెప్పేవాళ్ళు ఈ కాలువనీ, ఈ ఆవునీ, ఈ తాబేలునీ కూడా కలిపి చెప్పాలి.

అయితే ఆ నివేదిక నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. కొత్త పత్తి సంచి చవగ్గా పుట్టదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన లెక్కలో కూడా, వేడెక్కే నష్టం ఒక్కటే చూసినా, పత్తి సంచిని 131 సార్లు వాడితేగానీ సన్న కవరుతో సమానం కాదు. కాబట్టి పెళ్ళికో సంచి, షాపు ఓపెనింగ్‌కో సంచి అని పేర్లు అచ్చువేయించి పంచిపెట్టడం మేలు కాదు. మా ఇంట్లోనే అలాంటివి పద్నాలుగు పోగయ్యాయి, ఒక్కటీ అరిగిపోలేదు. అదే పాత దుప్పటి, చిరిగిన చీర కత్తిరించి కుట్టిన సంచి అయితే ఈ లెక్క దానికి పట్టదు. దాని పత్తి ఎప్పుడో పండింది, ఎప్పుడో నేశారు, దాని మొదటి పని అది చేసేసింది. మా వీధి చివర మిషను మీద కుట్టే అమ్మాయి రెండు పొరలు వేసి, పిడి దగ్గర అడ్డంగా కుట్టు వేసి ఇస్తుంది, అయిదు కిలోల బియ్యం మోసినా తెగదు.

మాటలో మాట, బట్టల షాపుల్లో ఇచ్చే గరుకు సంచుల్ని గుడ్డవని అనుకోకండి. అది నేసిన బట్ట కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పలచగా ఉన్నవాటిని 2021 సెప్టెంబరు 30 నుంచే నిషేధించారు.

ఇక పేపర్ కప్పు. ఇందులో ప్లాస్టిక్ ఉంది అన్నది అక్షరాలా నిజం. కాగితం తడిసిపోకుండా లోపల సన్నటి పాలిథిన్ పూత ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు 2020లో పరీక్షించారు: 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పావుగంట ఆ కప్పులో ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు నీళ్ళలోకి వచ్చాయి. వెండిలా మెరిసే పేపర్ ప్లేట్లు కూడా అంతే, ఆ మెరుపు ప్లాస్టిక్ పొరది. ఇంతవరకూ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. కానీ "కాబట్టి థర్మాకోల్ ప్లేటూ, ప్లాస్టిక్ గ్లాసూ వాడుకోండి" అని ఎలా తేలింది? పేపర్ కప్పులో సన్న పొరగా ఉన్నది పనికిరాదంటూ మొత్తం దాంతోనే చేసిన గ్లాసు చేతిలో పెడతారా? థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అవి అమ్మడమే తప్పు.

పైగా ఈ ప్రాంతంలో ఉండి ప్లేటు దొరకదంటే నాకు బాధేస్తుంది. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల అడవుల్లో అడ్డాకు దొరుకుతుంది, ఒడియావాళ్ళు శియాలి అంటారు. ఆడవాళ్ళు కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళు, దొప్పలు చేస్తారు. మా అమ్మమ్మ పర్లాకిమిడిలో పెళ్ళిళ్ళకు వీటినే కట్టలు కట్టలుగా తెప్పించేది, వేడి పప్పు వడ్డించినా చారు పోసినా కారేది కాదు. భోజనాలయ్యాక విస్తళ్ళన్నీ గొయ్యిలో వేసి మట్టి కప్పితే అయిపోయేది. పూరీలో మహాప్రసాదం ఇప్పటికీ మట్టి కుండల్లోనే వండుతారు, కుడువలనే చిన్న మట్టి కుండల్లోనే భక్తుల చేతికి ఇస్తారు. అంతమందికి సాగుతున్న పని మన ఇంట్లో రెండు వందల మంది భోజనానికి సాగదా? కొనేటప్పుడు మాత్రం మిషను మీద అచ్చుపోసిన విస్తరి అయితే వెనక్కి తిప్పి చూడండి, కొన్నింటికి ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు. టీకి మట్టి ముంతో, గాజు గ్లాసో, స్టీలు గ్లాసో చాలు, కడుక్కుంటే సరిపోతుంది.

మూడోది, మట్టిలో కలిసిపోయే కవర్లు. ఇక్కడ నేనే మోసపోయాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మూడేళ్ళ క్రితం ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఆకుపచ్చ ఆకు బొమ్మ, దాని కింద "బయోడిగ్రేడబుల్" అని రాసున్న కవర్లు రెట్టింపు ధరకు కొన్నాను. అనుమానమొచ్చి రెండు కవర్లు కరివేపాకు మొక్క పక్కన పాతిపెట్టాను. ఏడాది దాటాక తవ్వితే ఒకటి అలాగే ఉంది, రెండోది చిన్న చిన్న పేలికలైంది, కలిసిపోలేదు. నేతిబీరకాయలో నెయ్యి సామెత అప్పుడు బాగా తెలిసింది. కొన్ని కవర్లలో త్వరగా ముక్కలయ్యేలా ఒక మందు కలుపుతారు. అవి కంటికి కనబడనంత చిన్న ముక్కలై మట్టిలోనే ఉంటాయి, అందుకే యూరోపియన్ యూనియన్ 2021లో ఆ రకం ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించింది. నిజంగా ఎరువయ్యే కవర్లు వేరే ఉన్నాయి. మన దేశంలో వాటికి ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ఉంది, తయారీదారుకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. అయితే వాటిలో చాలా రకాలు ఎరువు తయారుచేసే ప్లాంటులో 60 డిగ్రీలకు దగ్గరగా వేడి నిలిచి ఉంటేనే కుళ్ళుతాయి. కాలువలో పడేస్తే అవీ మామూలు కవర్లలాగే అడ్డం పడతాయి. దుకాణదారు ఆకు బొమ్మ చూపిస్తే సర్టిఫికెట్ నంబరు అడగండి.

ప్లాస్టిక్కంతా రీసైకిల్ అవుతుంది అన్న మాటకు జవాబు కావాలంటే మీ వీధిలోకి వచ్చే పాత సామాన్లవాడి ముందు మీ చెత్త పరిచి చూడండి. నీళ్ళ సీసా తీసుకుంటాడు, గట్టి డబ్బా తీసుకుంటాడు, అట్టపెట్టె తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్టు, షాంపూ సాచెట్, నూనె కారిన ఊరగాయ పౌచ్ పక్కకు నెట్టేస్తాడు. వాటిలో రెండు మూడు రకాల ప్లాస్టిక్, ఒక్కోసారి అల్యూమినియం పొర కలిపి అతికించి ఉంటాయి, విడదీయడం కష్టం, కొనేవాడుండడు. సన్న కవరైతే కిలో తూగడానికి వందలు ఏరాలి, ఎవరేరుతారు? కవరుకు ఉండాల్సిన కనీస మందాన్ని ప్రభుత్వం 1999 నుంచీ పెంచుకుంటూ వస్తున్నది అందుకే: అప్పుడు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందంగా ఉంటే మళ్ళీ వాడతాం, చెత్తలో పడ్డా ఏరేవాళ్ళకు నాలుగు డబ్బులొస్తాయి. ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయ్యేది 9 శాతమేనని ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ 2022లో చెప్పింది.

చివరిది, చిన్న వ్యాపారుల మాట. నేనూ చిన్న వ్యాపారినే. ఒడిశాలో 2018 అక్టోబరు 2న ఆరు నగరాల్లో ప్లాస్టిక్ నిషేధం మొదలుపెట్టినప్పుడు అందులో మా బరంపురం ఉంది. మొదట్లో నాకూ కోపమొచ్చింది, తోపుడుబండి మీద పకోడీలు అమ్మేవాడికి జరిమానా వేసి కవర్లు తయారుచేసేవాణ్ణి వదిలేస్తే న్యాయం కాదని ఇప్పటికీ అంటాను. కానీ ఖర్చు పెరిగింది అన్నది సగం మాటే. ఊళ్ళోవాళ్ళకు ఊరగాయ గాజు సీసాలో ఇస్తున్నాను, సీసా కడిగి తెచ్చిస్తే 15 రూపాయలు తగ్గిస్తాను. వేడి నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, మూత కొత్తది వేసి మళ్ళీ నింపుతాను. ఒక సీసా నా దగ్గర అయిదారుసార్లు తిరిగిన సందర్భాలున్నాయి. మిఠాయి పెట్టెల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ మానేస్తే ఖర్చు తగ్గుతుంది తప్ప పెరగదు, అదీ 2022 నిషేధం జాబితాలో ఉన్నదే. అలాగని ప్లాస్టిక్ మానేసి వేడి బజ్జీలు న్యూస్ పేపర్లో కట్టకండి. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది, 2018 నాటి ఆహార భద్రత నియమాల్లో అది కూడా నిషేధమే.

దాచకుండా చెబుతున్నాను, దూరం పంపే ఊరగాయలు ఇప్పటికీ ప్లాస్టిక్ పౌచ్‌లోనే పంపుతున్నాను. గాజు కొరియర్‌లో పగులుతుంది, కాగితంలోంచి నూనె ఊరుతుంది. అప్పడాలు కూడా అంతే, సముద్రం గాలి తగిలే ఊళ్ళో, శ్రావణ మాసంలో కాగితం పొట్లంలో పెడితే మెత్తబడి బూజు పడతాయి, అప్పుడు మినప్పిండీ, నూనే, చేసిన ఆడవాళ్ళ కష్టమూ మొత్తం చెత్తలోకే. అక్కడ ప్లాస్టిక్ తన పని తాను చేస్తోంది. బజారు నుంచి ఇంటి దాకా పది నిమిషాల దారికి ఆరు కవర్లు తెచ్చుకోవడం మాత్రం అలాంటి అవసరం కాదు.

ఇదంతా వదినకు ఫోన్లో చెబితే, "సరే, మరి ఇంట్లో ఉన్న కవర్లూ ప్లాస్టిక్ డబ్బాలూ అన్నీ పారేసి స్టీలువి కొనమంటావా?" అంది. వద్దు వదినా. ఉన్న డబ్బాలు పగిలే దాకా పప్పులకు వాడు, వేడివి మాత్రం పోయకు. మందం కవర్లు మడిచి చేతి సంచిలో ఒకటి పెట్టుకో, చిరిగాక పొడి చెత్తలో వెయ్యి, కాల్చకు. చేపలకు వెళ్ళేటప్పుడు మూతున్న గిన్నె పట్టుకెళ్ళు. ఆదివారం ఆ పాత దుప్పటి తీసి పెట్టు, నేనొచ్చి మిషను దగ్గర ఇస్తాను.