క్యూ రాణికి గొడుగు అక్కర్లేదు

మా వాకింగ్ గ్రూపులోకి వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు: దేవుడి ఫొటోలు, షుగరుకు మెంతుల వైద్యం, 'మీకు తెలుసా' మెసేజీలు. పోయిన వారం ఆ మూడో రకంలోది ఒకటి దిగింది. "ఇంగ్లీషులో క్యూ అక్షరం: ఏడు అద్భుత నిజాలు." రాఘవయ్య పార్కులో రెండు రౌండ్లు పూర్తయ్యేలోపు అదే మెసేజ్ ఇంకో రెండు గ్రూపుల్లోనూ తగిలింది. సాయంత్రానికి గుంటూరు నుంచి మా చెల్లెలు కూడా పంపింది, "అన్నయ్యా, ఇది ట్యూషన్ పిల్లలకు చెప్పొచ్చా?" అని. ఆ ప్రశ్నే లేకపోతే వదిలేసేవాణ్ణి. గవర్నరుపేట ప్రెస్సులో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి ఇది, తప్పు కనబడితే ఊరుకోదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. ఒకటి, క్యూ తర్వాత యూ రాని పదం ఇంగ్లీషులో లేదు, ఎందుకంటే క్వీన్ గొడుగు లేకుండా బయటికి రాదు. రెండు, క్యూతో ముగిసే పదమూ లేదు. మూడు, క్యూ-యూ కలిస్తే ఎప్పుడూ 'క్వ' అనే పలకాలి. నాలుగు, క్వింటాల్‌లో 'క్వింట్' అంటే ఐదు, అంటే ఐదు ఇరవై కిలోల మూటలు. ఐదు, క్విజ్ అనే మాట 1791లో ఒక పందెం కోసం ఒక్క రాత్రిలో పుట్టింది. ఆరు, చివరి నాలుగు అక్షరాలు తీసేసినా పలుకు మారని మాట, మనం వరసలో నిలబడే 'క్యూ' (క్యూ, యూ, ఈ, యూ, ఈ) ఒక్కటే, అందుకే అది అద్భుతం. ఏడు, ఇంగ్లీషులో అతి తక్కువగా వాడే అక్షరం ఇదే, అమెరికా రాష్ట్రాల పేర్లలో ఎక్కడా లేదు. చివర్లో ఒక ఉచిత సలహా: క్యూతో మనకు పనికొచ్చే మాటలు పదికి మించవు, మిగతావి వదిలేయండి.

ముందు గొడుగు సంగతి. పిల్లలకు స్పెల్లింగు గుర్తుండాలని టీచర్లు చెప్పే కథ అది, అందులో తప్పేం లేదు. దాన్ని కారణంగా చెబితేనే చిక్కు. ఎందుకంటే క్వీన్ అనే మాటకే పాత ఇంగ్లీషులో క్యూ లేదు. సీ, డబ్ల్యూ పెట్టి రాసేవారు. క్విక్ కూడా అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, ఫ్రెంచి, లాటిన్ రాతకు అలవాటుపడ్డ లేఖకులు ఆ రెండక్షరాలు తీసేసి క్యూ-యూ రాయడం మొదలుపెట్టారు. రాణిగారికి గొడుగు పట్టింది పరాయి గుమస్తాలన్నమాట. అంతకుముందు ఆవిడ వానలో బాగానే తిరిగింది.

యూ లేని క్యూ లేదన్నదీ, చివర్లో క్యూ రాదన్నదీ ఒకే దెబ్బకు పోతాయి. బుర్ఖా, నిఖాబ్, ఖవ్వాలీ, తలాక్: పెద్ద ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇవన్నీ క్యూతోనే ఉన్నాయి, వాటి క్యూ వెనక యూ లేదు. తలాక్ అయితే క్యూతోనే ముగుస్తుంది. దేశం పేరు చూడాలంటే ఇరాక్. యెమెన్‌లో జనం బుగ్గన పెట్టుకుని నమిలే ఖాట్ ఆకుకు ఇంగ్లీషులో స్పెల్లింగు క్యూ, ఏ, టీ. ఇరాన్‌లో కొండ కింది నీళ్లను భూమి లోపలి నుంచే ఊళ్లకు తెచ్చే పాతకాలపు కాలువ ఖనాత్, అదీ అంతే.

వీటిలో చాలావాటి వెనక ఉన్నది అరబీ అక్షరం ఖాఫ్. గొంతు లోపలి నుంచి వచ్చే 'క' అది. దాన్ని రాయడానికి ఇంగ్లీషువాళ్లు క్యూను వాడుకున్నారు, యూతో పని పడలేదు. మనకూ ఆ శబ్దం లేదు కాబట్టి ఒకచోట 'క', ఒకచోట 'ఖ' అని మనకు తోచినట్టు రాసుకున్నాం. నమ్మకం లేకపోతే ఏ రిజిస్ట్రారు ఆఫీసు బయటో ఒక గంట నిలబడండి. హక్కు, కబ్జా, నకలు, బాకీ, కిస్తు, తాలూకా, ఇలాకా. ఇన్నిట్లోనూ మూలంలో ఉన్నది ఖాఫే. కబ్జా చేసినవాడు చివరికి ఖైదీ అయితే అందులోనూ అదే. ఇంగ్లీషు లిపిలో మూలానికి దగ్గరగా రాస్తే ఇవన్నీ క్యూ మాటలు, ఒక్కదానికీ గొడుగు లేదు. కొండపల్లి ఖిల్లాను ఏలిన కుతుబ్ షాహీల పేరులో క్యూ పక్కన యూ కనబడుతుంది గానీ అది గొడుగు కాదు, మామూలు ఉకారం. లేకపోతే వాళ్లు 'క్వతుబ్' షాహీలు అయ్యేవారు.

చైనా మాటల దారి ఇంకోటి. వాళ్ల భాషను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతిలో క్యూ అక్షరానికి దాదాపు మన 'ఛ' పలుకు. ప్రాణశక్తి అనే అర్థంలో వాళ్లు వాడే రెండక్షరాల మాట క్యూ, ఐ. పలకడం 'ఛీ'. అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే ఆట స్క్రాబుల్ ఉంది కదా, 2006లో దాని అమెరికా జాబితాలోకి ఎక్కాక ఆటగాళ్లకు అది వరమైంది, క్యూ బిళ్లకు పది పాయింట్లు కదా. మా తమ్ముడి కొడుకు ఆటలో ఆ మాట పేరిస్తే మా ఆవిడ బోర్డు చూసి "ఛీ, ఇదేం మాట్రా" అంది. ఉచ్చారణ మాత్రం సరిగ్గా చెప్పింది.

'ఎప్పుడూ క్వ' అన్న పాయింటు రాసినవారు బెజవాడలో ఒక్క సాయంత్రమైనా కాలవగట్టున కూర్చుని ఉండరు. మస్కీటోలో క్యూ-యూ ఉంది, 'క్వ' ఎక్కడుంది? స్పానిష్‌లో ఆ మాటకు 'చిన్న ఈగ' అని అర్థం. మా బందరు కాలవ దోమలను చూస్తే ఆ 'చిన్న' మాట తీసేసేవారేమో. బ్యాంకు చెక్కు స్పెల్లింగు చూడండి, బ్రిటిష్ రాతలో క్యూ-యూ ఉంది, పలుకు 'క'. యునీక్, లిక్కర్, బొకే అన్నీ అంతే. ఓడలు ఆనుకుని నిలిచే రేవుగట్టును క్యూ, యూ, ఏ, వై అని రాసి 'కీ' అని పలుకుతారు. ఇదే వరసలో నాకు ఇష్టమైనది లాకర్, బ్యాంకు లాకరు కాదు, చెక్కకు నిగనిగలిచ్చే పూత. వెనక్కి వెళ్తే పోర్చుగీసు మీదుగా సంస్కృతం లాక్షకే చేరుతుంది, మన లక్క. ఏటికొప్పాక బొమ్మల మెరుపు ఆ లక్కదే. మన సరుకే సీమకెళ్లి మధ్యలో ఒక క్యూ అంటించుకుని వచ్చింది.

ఇక క్వింటాల్. గుంటూరు మా చెల్లెలికి ఇది తెలియకపోతే ఎలా! మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నప్పుడు వినబడే ధరంతా క్వింటా లెక్కే. దీంట్లో ఐదు లేదు. క్వింటెట్ అంటే ఐదుగురి బృందం, అక్కడ ఐదు ఉన్నమాట నిజం. ఆ పోలికే మోసం చేసింది. క్వింటాల్ కథ లాటిన్‌లో 'నూరు కలది' అనే అర్థమున్న సెంటెనారియం దగ్గర మొదలవుతుంది. అది గ్రీకు మీదుగా అరబీలోకి వెళ్లి కింతార్ అయింది, ఖాఫ్‌తో. అరబ్బు వర్తకులతో లావాదేవీలు జరిపిన యూరప్ దాన్ని మళ్లీ లాటిన్‌లోకి తెచ్చుకుని క్వింటాలే చేసుకుంది. తన మాటే తనకు వేషం మార్చుకుని తిరిగొస్తే గుర్తుపట్టలేదు పాపం. ఫ్రాన్సులో మొదట నూరు పౌన్ల బరువు, మెట్రిక్ లెక్కలొచ్చాక నూరు కిలోలు. అంటే పుట్టినప్పటి నుంచీ దాని పేరులో ఉన్నది నూరే. అల్బేనియా డబ్బు లెక్‌లో నూరో వంతును కిందార్కా అంటారు. దాని మొదటి అక్షరమూ క్యూనే, పక్కన యూ లేదు, వెనక ఉన్నదీ నూరే. ఇరవై కిలోల మూటలు ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆ మెసేజ్ రాసినవారికే తెలియాలి.

క్విజ్ కథ వినడానికి బాగుంటుంది. డబ్లిన్‌లో డాలీ అనే థియేటర్ మేనేజరు, ఒక్క రోజులో కొత్త మాటను ఊరంతా పలికేలా చేస్తానని పందెం కాసి, రాత్రికి రాత్రి గోడల మీద ఆ మాట రాయించాడట. గోడ రాతల సంస్కృతి మనకూ తెలిసిందే కాబట్టి ఇట్టే నమ్మేస్తాం. కానీ 1782 నాటికే ఆ మాట రాతలో ఉంది, వింత మనిషి అనే అర్థంలో. తొమ్మిదేళ్ల ముందే పుట్టిన బిడ్డకు 1791లో పురుడు పోశానంటే ఎలా? ప్రశ్నల పోటీ అనే అర్థమైతే ఇంకా చాలా తర్వాత వచ్చింది.

ఆరో పాయింటులోని క్యూ, దసరాకి ఇంద్రకీలాద్రి మీద మనం నిలబడేది. ఫ్రెంచిలో తోక అని అర్థం. కొండ మీది నుంచి కిందికి చూస్తే పేరు సరిగ్గా పెట్టారనిపిస్తుంది. మనం 'క్యూలైను' అని తోకకు ఇంకో తోక తగిలించాం, అది వేరే సంగతి. నాలుగక్షరాలు తీస్తే మిగిలేది ఒక అక్షరం, దాని పేరే 'క్యూ' కాబట్టి పలుకు మారలేదు. ఈ గారడీ దీనికి ఒక్కదానికే రాదు. తేనెటీగ 'బీ' చివరి రెండక్షరాలు తీసినా బీనే, బఠాణీ 'పీ' కూడా అంతే. తీసే అక్షరాలు ఎక్కువ, అంతే తేడా.

ఉచిత సలహా సంగతి మాత్రం నాకు ఒళ్లు మండించింది. పనికిరాని మాటలట! ప్రెస్సులో మేం దస్తా అనేదాన్నే ఇంగ్లీషులో క్వయర్ అంటారు. వెనకటికి ఇరవై నాలుగు కాగితాలు, ఇప్పుడు ఇరవై అయిదు, ఇరవై దస్తాలైతే ఒక రీము. లాటిన్‌లో 'నాలుగేసి' నుంచి వచ్చింది, నాలుగు కాగితాలు కలిపి మడిచే పద్ధతి. మన దస్తా పారసీ నుంచి వచ్చింది, చేతి పట్టుకు సరిపడేంత అని. ఒకరు లెక్కపెట్టారు, ఒకరు పట్టుకుని చూశారు. సీసం అక్షరాల ఫారాన్ని చట్రంలో బిగించే చీలలను క్యూతో రాసి 'కాయిన్' అంటారు. తప్పు చేస్తున్నానేమోనని మనసు పీకడం క్వామ్. మజ్జిగ గడగడా తాగేయడం క్వాఫ్. నాలుకను హాయిగా గిల్లే ఘాటు పీకెంట్, అంటే గోంగూర పచ్చడి. నార్వేను నాజీలకు అప్పగించడానికి సాయపడి 1945లో మరణశిక్షకు గురైన క్విస్లింగ్ పేరు ఇంగ్లీషులో ద్రోహి అనే మాటగా మిగిలింది. క్వారంటైన్ అంటే వెనిస్ వాళ్ల భాషలో నలభై రోజులు. 2020లో మనం పద్నాలుగు రోజులకే ఆ పేరు పెట్టి, అవీ సరిగ్గా ఉండలేదు.

ఏడోది సగం సగం. నిఘంటువులోని పదాలు లెక్కేస్తే క్యూ అడుగున ఉంటుంది. మామూలు రాతలో వచ్చే అక్షరాలు లెక్కేస్తే చాలాసార్లు జడ్ ఇంకా కింద తేలుతుంది. ఎలా లెక్కేశారో చెప్పకుండా 'అతి తక్కువ' అనకూడదు. అమెరికా రాష్ట్రాల మాట మాత్రం నిజం. మనవడి అట్లాస్ ముందేసుకుని యాభై పేర్లూ చూశాను, ఎక్కడా క్యూ లేదు. చెల్లెమ్మా, పిల్లలకు ఆ ఒక్కటి చెప్పుకో.