చెట్టుదే తప్పు

ముందే చెప్పేస్తున్నాను, మా హాల్లో సోఫా పక్కన నిలబెట్టిన రబ్బరు మొక్కకి నేను ఏ లోటూ చేయలేదు. పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు నీళ్లు. మధ్యాహ్నం ఆకుల మీద స్ప్రే. వారం వారం ఎరువు. తెల్లటి పింగాణీ తొట్టి, ఆ తొట్టికి మ్యాచయ్యే కర్టెన్లు, ఎండ తగిలి కందిపోతుందేమోనని ఆ కర్టెన్లు ఎప్పుడూ వేసే ఉంచాం. ఇంత చేసినా అది నాలుగు నెలల్లో పదకొండు ఆకులు రాల్చింది. అదీ ఎప్పుడు? అందరం పడుకున్నాక. ఆ ఆకు మందం మీకు తెలుసుగా, దాదాపు అట్టముక్క. అర్ధరాత్రి టైల్స్ మీద టప్పుమని పడితే ఇంటిల్లిపాదికీ మెలకువ వస్తుంది. పగలంతా ఊరికే నిలబడి ఉండే జీవి, ఆ పనేదో పగలే కానిచ్చేయొచ్చు కదా. చేయదు. పంతం.

ఇంట్లో పెంచే చెట్టు పాడైతే లోకమంతా పెంచినవాడి మీద పడుతుంది. నీళ్లెక్కువ పోశావు, వెలుతురు చూపించలేదు, చోటు మార్చావు, చోటు మార్చలేదు. ఒక్కడంటే ఒక్కడైనా చెట్టుని నిలదీసిన పాపాన పోలేదు. ఇవాళ ఆ పని నేను చేస్తున్నాను.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు. (ఇవి కొనకముందు తెలుసుకోవాల్సినవి. అప్పుడు ఆకుల మెరుపు చూసి పడిపోయాం.) శాస్త్రీయ నామం ఫైకస్ ఎలాస్టికా. మర్రి, రావి, మేడి ఇవన్నీ దీని దాయాదులు. అడవిలో అయితే 30 మీటర్లు కూడా దాటుతుంది, అంటే పది అంతస్తుల మేడంత. మా హాలు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. ఈ తేడా అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు, చెట్టూ చెప్పలేదు. పేరులో రబ్బరు ఉంది కానీ ఇప్పుడు టైర్లకి వాడే సహజ రబ్బరు దీన్నుంచి రాదు, అది అమెజాన్ ప్రాంతంలో పుట్టిన హెవియా అనే వేరే చెట్టు పాల నుంచి వస్తుంది. ఒకప్పుడు దీని పాలు కూడా తీశారు, హెవియా ముందు నిలవలేకపోయింది. ఉద్యోగం పోయి నూరేళ్లు దాటినా గుమ్మం మీద బోర్డు తీయని పెద్దమనుషులు ఉంటారే, ఆ బాపతు.

అసలు కోపం వచ్చేది ఇది మేఘాలయలో ఎలా ఉంటుందో చదివినప్పుడు. అక్కడ ఖాసీ, జైంతియా జనం ఇదే చెట్టు ఊడల్ని వాగు మీదుగా అవతలి గట్టుకి మళ్లించి, ఒకదానితో ఒకటి అల్లి వంతెనలు పెంచుతారు. కట్టరు, పెంచుతారు. మనుషులు నడిచే స్థితికి రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది, ఆ తర్వాత తరాల తరబడి నిలుస్తుంది, మామూలు వంతెనలు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడితే ఇది వేళ్లు లావెక్కి ఇంకా గట్టిపడుతుంది. నొంగ్రియాట్ దగ్గరైతే ఒకదానిపై ఒకటి రెండంతస్తుల వంతెన. 2022లో ఈ వేర్ల వంతెనలు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కాయి. అలాంటి వంశంలో పుట్టిన చెట్టు, టీవీ సరిగ్గా కనబడటం లేదని మేం సోఫాతో పాటు దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపితే, వారం తిరక్కుండా మూడు ఆకులు రాల్చింది. పుట్టింట్లో ఊరి జనాన్ని మోసే చెట్టు మా ఇంటికొచ్చేసరికి సొంత ఆకుల్ని మోయలేకపోయింది.

ఇక నీళ్ల సంగతి. దీనిమీద నేను చాలా లోతుగా పరిశోధన చేశాను. మేఘాలయలో చిరపుంజి ఉంది, అక్కడ ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. రోజుకి 30 మిల్లీమీటర్లు వేసుకోండి. మా తొట్టి మూతి అడుగు వెడల్పు. గుండ్రటి మూతి వైశాల్యాన్ని వానతో గుణిస్తే రోజుకి రెండు లీటర్ల చిల్లర. నేను పోసేది రెండు లీటర్ల మగ్గులతో సరిగ్గా రెండు మగ్గులు, కాదు కాదు, లీటరు మగ్గులతో రెండు. అంటే నికరంగా చూస్తే నేనే దానికి రోజూ కొంచెం బాకీ పడుతున్నాను. ఈ లెక్కంతా కాగితం మీద నీట్‌గా వేసి పై అంతస్తులో ఉండే మాస్టారికి చూపించాను. ఆయన ముప్పై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరయ్యారు. కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"లెక్క తప్పు లేదు బాబూ. కాకపోతే అక్కడ పడ్డ నీళ్లు పోతాయి. మీ దగ్గర ఉంటాయి."

అని ఊరుకోవచ్చుగా, కిందికొచ్చి చూస్తానన్నారు. వచ్చి పింగాణీ తొట్టిలోంచి లోపలి ప్లాస్టిక్ కుండీని రెండు చేతులా పట్టుకుని పైకి లేపారు. చుప్ అని చప్పుడు. తొట్టి అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, నల్లగా, ఆ వాసన గురించి రాయను, మీరు ఇంకేదైనా పనిలో ఉండి ఇది చదువుతూ ఉండొచ్చు. మా ఆవిడ కిటికీ తెరిచింది. నాలుగు నెలల్లో ఆ కిటికీ తెరవడం అదే మొదటిసారి. మాస్టారు కుండీని పక్కకి వంచి మట్టిగడ్డని బయటికి జార్చి, గోధుమ రంగులో మెత్తగా వేలాడుతున్న ఒక వేరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగారు. పై పొర తొడుగు ఊడినట్టు ఆయన చేతికొచ్చేసింది, లోపల సన్నటి దారప్పోగు ఒకటి మిగిలింది.

"వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి బాబూ," అన్నారు. మట్టి రేణువుల మధ్య సందులుంటాయట, వాటిలో గాలి ఉండాలట, నేను ఆ సందులన్నీ నీళ్లతో నింపేశానట. ఆక్సిజన్ అందక వేళ్లు చచ్చిపోతాయి, వేరుకుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు సందు చూసుకుని దూరతాయి, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, కాబట్టి చుట్టూ నీళ్లున్నా ఆకులకి చుక్క అందదు, అవి వాలిపోతాయి. వాలిన ఆకుల్ని చూసి పెంచేవాళ్లు పాపం దాహమేస్తోందేమో అని ఇంకో మగ్గు పోస్తారు.

ఇక్కడే ఆగండి. నా కేసు మొత్తం ఇక్కడే గెలిచేసింది. నీళ్లు లేకపోతే ఆకులు వాలుస్తుంది. నీళ్లెక్కువైనా ఆకులు వాలుస్తుంది. మునిగిపోతున్నవాడు దాహంతో చచ్చిపోతున్నవాడిలా మొహం పెడితే, జాలిపడి నీళ్లు పోసినవాడిదా తప్పు? ఇన్ని కోట్ల ఏళ్ల పరిణామ క్రమంలో రెండు వేర్వేరు మొహాలు పెట్టడం నేర్చుకోలేకపోయిందా ఇది?

కుండీ అడుగున గులకరాళ్లు కూడా పరిచాను, నీళ్లు బాగా దిగుతాయని ఎక్కడో చదివి. ఒక్కో రాయీ బ్రష్‌తో కడిగి వేశాను. మాస్టారు దానికీ వంక పెట్టారు. సన్నటి మట్టిలోంచి నీరు కింద ఉన్న రాళ్ల సందుల్లోకి అంత తేలిగ్గా దిగదట, మట్టి పూర్తిగా తడిసి నానిపోయేదాకా రాళ్ల పైనే ఆగుతుందట. అంటే అడుగున ఉండాల్సిన బురదని నేను రాళ్లు పేర్చి మరీ వేళ్ల దగ్గరికి ఎత్తానన్నమాట. రాళ్లు కడిగిన కష్టం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

వెలుతురు విషయంలోనూ ఇదే వరస. మా హాల్లో వెలుతురుకేం లోటు లేదు, కర్టెన్ వేసి ఉన్నా హాయిగా పేపర్ చదువుకోవచ్చు. మాస్టారి ఫోన్లో వెలుతురు కొలిచే యాప్ ఉంది. సోఫా పక్కన పెడితే 140 లక్స్ అంది. బాల్కనీలో ఎండలోకి తీసుకెళ్తే నంబరు లక్ష దగ్గరికి ఎగబాకింది. రెండు చోట్లా నా కంటికి పెద్ద తేడా ఏం అనిపించలేదు, బయట కాస్త కళ్లు చికిలించాను, అంతే. కన్ను తనంతట తానే సర్దుకుపోతుంది కాబట్టి మనకి తెలియదట, ఆకు అలా సర్దుకోలేదట, దానికి వెలుతురు చూడ్డానికి కాదు, వంటకి. పొయ్యిలో నిప్పు లేకుండా సామాను మాత్రం తెచ్చి పోస్తున్నావు, అన్నారు. వెలుతురు తక్కువైతే చెట్టు తాగే నీళ్లూ తగ్గుతాయి, కాబట్టి చీకటి మూలలో రెండు మగ్గులంటే రెట్టింపు ముప్పు అని కూడా ఏదో అన్నారు, అప్పటికి నేను వినడం మానేశాను.

ఎందుకంటే నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. మాది మొక్కగా ఉండగానే వంగింది, కాకపోతే కిటికీ వైపు. సన్నగా, గడకర్రలా, ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు ఖాళీ పెట్టుకుంటూ, పక్కింటివాళ్ల మాటలు వినేవాళ్లలా మెడ చాచి. నేను కర్ర పాతి తాడుతో నిటారుగా కట్టాను. క్రమశిక్షణ. నీడవైపు కణాలు ఎక్కువ సాగడం వల్ల కాండం వెలుతురు వైపు వంగుతుందని తర్వాత తెలిసింది. కారణం ఏదైనా, ఇంట్లో ఇంతమంది ఉండగా కిటికీ వైపు చూడ్డం మర్యాద కాదు.

ఇదంతా ఎందుకు భరించామంటే, గాలిని శుభ్రం చేస్తుందన్నారు కాబట్టి. 1989 నాటి నాసా అధ్యయనం అని ప్రతివాడూ చెప్తాడు. అది నిజంగానే జరిగింది, అంతరిక్షంలో మూసి ఉండే గదుల కోసం, గాలి చొరబడని పెట్టెల్లో మొక్కల్ని పెట్టి పరీక్షించారు. మా హాలు పెట్టె కాదు, తలుపుంది, కింద సందుంది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులిద్దరు అలాంటి పాత ప్రయోగాలన్నీ కూర్చుకుని లెక్క తేల్చారు. మామూలు భవనంలో గాలి వచ్చిపోతూ చేసే పనికి సమానంగా మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలట. మా హాలు 20 చదరపు మీటర్లు. కనీసం 200 కుండీలు, మరీ పట్టుదలకి పోతే 20,000. మా ఆవిడ ఒక్కటే అడిగింది, మరి మనం ఎక్కడ కూర్చుంటాం అని. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది, మా చెట్టుకి కాయలు కూడా లేవు. దీని పూలు కాయలోపల దాక్కుని ఉంటాయి, వాటిలో పుప్పొడి మోయడానికి దీనికంటూ ప్రత్యేకంగా ఒక బుల్లి కందిరీగ జాతి రావాలి. మా అపార్ట్‌మెంట్‌లో దోమలే ఉన్నాయి.

కొమ్మ కత్తిరిస్తే పక్క కొమ్మలొస్తాయంటే అదీ చేశాను. పాలు. తెల్లగా, బంకగా, ఆగకుండా. చొక్కా మీద పడిన మరక ఇప్పటికీ పోలేదు, ముంజేతి మీద దురద రెండు రోజులుంది. పిల్లులో కుక్కలో ఆకు నమిలితే వాటికీ పడదు. ఆత్మరక్షణ అంటారు దీన్ని వృక్షశాస్త్రంలో. మనం చేస్తే కేసవుతుంది.

కాబట్టి ఇకమీదట ఇంట్లో అడుగుపెట్టే ప్రతి చెట్టూ ఆకులు పగటిపూటే రాల్చాలి, రాల్చేముందు వారం రోజుల నోటీసివ్వాలి, దాహానికొక మొహం, మునకకొక మొహం కచ్చితంగా పెట్టాలి, ఎంత ఎత్తు పెరిగే ఉద్దేశముందో గుమ్మం దగ్గరే చెప్పాలి, సోఫా మన ఇష్టమొచ్చిన చోటికి జరుపుకోనివ్వాలి. అడిగింది ఎక్కువేం కాదు.

ఆ రోజు మాస్టారు కుళ్లిన వేళ్లు కత్తెరతో తీసేసి, చిల్లులున్న కుండీలో బరకగా ఉండే మట్టి పోసి నాటారు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడు, పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి, లేకపోతే ఊరుకో, అన్నారు. ఊరుకోవడమా? ఊరుకోవడం పెంపకం ఎలా అవుతుందండీ? అంటే ఆయన నా వైపు కాకుండా మొక్క వైపు చూశారు. ఆ వారమే మేం పనుండి ఊరెళ్లాం, నెలన్నర పట్టింది. తాళాలు ఆయనకే ఇచ్చి వెళ్లాం.

నిన్న రాత్రి తిరిగొచ్చి లైటు వేస్తే కర్టెన్లు బార్లా తీసి ఉన్నాయి, మొక్క కిటికీ పక్కన ఉంది, కర్రా లేదు, తాడూ లేదు. చివర్న, మూసిన గొడుగులా మొనదేలిన ఎర్రటి తొడుగు ఒకటి, పొడవునా చీలి, ఒక పక్కకి వేలాడుతోంది. అందులోంచి చుట్టచుట్టుకుని ఉన్న కొత్త ఆకు సగం విప్పుకుని బయటికొచ్చింది, పాతవాటిలా ముదురాకుపచ్చ కాదు, రాగి చెంబు తోమినట్టు ఎర్రటి మెరుపు. దాని కింద ఇంకో ఆకు అప్పటికే పూర్తిగా విచ్చుకుని ఉంది. ముట్టుకుంటే ఇంకా మెత్తగా, చల్లగా. నేల మీద అంతకుముందు రాలిన తొడుగు ఎండి కాగితంలా పడి ఉంది.

నలభై అయిదు రోజులు. నీళ్లు మూడుసార్లే పోశానన్నారు మాస్టారు ఫోన్లో, ఏదో గొప్పగా. ఆకలిదప్పులతో, ఒంటరిగా, నా మీద బెంగ పెట్టుకుని, ఎప్పుడొస్తానా అని కిటికీలోంచి ఎదురుచూస్తూ, చివరికి నేనొచ్చే వేళకి ఓపిక కూడదీసుకుని ఒక ఆకు తొడిగింది పిచ్చిది. ఇన్నాళ్లూ దాన్ని అపార్థం చేసుకున్నానేమో. బట్టలు కూడా మార్చుకోకుండా కర్టెన్లు దగ్గరికి లాగి, మొక్కని దాని చోటికి, సోఫా పక్కకి జరిపి, బాత్రూంలోంచి మగ్గు తెచ్చాను.