ఈదురుగాలిలో సరంగుని తిట్టేవాళ్ళకి

విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణమీద సాయంత్రం గాలి లేచిందంటే చాలు, లాంచీలో ప్రతివాడూ సరంగే, అంటే లాంచీ నడిపేవాడే. "ఏంటయ్యా, గట్టు కనపడుతుంటే ఇంకా తిప్పుతావేంటి? పోనీ!" అని అరుపులు. దగ్గరదాకా వచ్చి, కుదరక వెనక్కి తీసుకుని మళ్ళీ చుట్టు తిరిగొస్తే "వీడికి నడపడం రాదు" అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. నన్నడిగితే, అలా వెనక్కి తీసుకున్నవాడికే పని వచ్చినట్టు.

మెల్లగా పోయేటప్పుడు చుక్కానికి నీళ్ళలో పట్టుండదు. పైగా మన లాంచీలకి అడుగు చదును, మీద ఇంకో అంతస్తు. నీళ్ళలో మునిగింది తక్కువ, గాలికి ఎదురు నిలిచేది ఎక్కువ. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు. ప్రకాశం బ్యారేజీ ఎగువన అంత వెడల్పు నీళ్ళు, అడ్డేముంది దానికి?

అందుకే వీలైతే గాలికి ఎదురొచ్చి కట్టాలి, అదే బ్రేకు వేస్తుంది. గాలి గట్టువైపు తోస్తుంటే కాస్త దూరంలోనే గట్టుకి సమాంతరంగా ఆపితే చాలు, మిగతా దూరం గాలే చేరుస్తుంది. గట్టు నుంచి బయటికి తోసేటప్పుడే అసలు తంటా. అప్పుడు ఏటవాలుగా వచ్చి, పడవ నడుము దగ్గర్నుంచి ఒక తాడు గట్టుమీద వెనకవైపున్న గుంజకి వేయాలి. అది బిగిశాక స్టీరింగ్ చక్రం గట్టుకి అవతలి వైపు తిప్పి, ఇంజను నెమ్మదిగా ముందుకిస్తే పడవ వచ్చి గట్టుకి ఆనుకుంటుంది. సముద్రం అంచున యాచ్‌లు నడిపేవాళ్ళు ఒంటరిగా ఉన్నా ఇలాగే కట్టుకుంటారు. మన దగ్గర నలుగురు పనివాళ్ళుండి కూడా ముక్కుకి తాడేసి గుంజుతారు, వెనక భాగం తిరిగి నదిలోకి పోతుంది!

ఇక కాలు అడ్డం పెట్టి లాంచీని ఆపే వీరులు. 2024 సెప్టెంబర్‌లో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని, అంటే గేటు ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మల్ని, ఎలా దెబ్బతీశాయో చూశాం కదా. ఆ వరద వేరు, ఆ పడవలు వేరు, ఒప్పుకుంటా. కానీ టన్నుల బరువు నిదానంగా కదిలినా టన్నుల బరువే. పడవకీ గట్టుకీ మధ్యలో ఉండాల్సింది పాత టైరు, మీ కాలు కాదు.

గట్టు కనపడగానే లైఫ్ జాకెట్లు విప్పేసి అందరూ ఒకే పక్కకి తోసుకురావడం ఇంకో జబ్బు. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. అది గాలి చేసింది కాదు, పరిమితికి మించి ఎక్కించారు, జాకెట్లు లేవు. ఆ రేవు ఇదే నదిమీద ఉన్నా, దిగేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

టికెట్లు అమ్మేవాళ్ళనీ వదలను. రేవులో గట్టి గుంజలు, వరసగా టైర్లు వేయించడానికి కోట్లేం కావు. ఆదివారం రద్దీ అని ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య గ్యాప్ కోసేసి, ఈదురుగాలి రోజు కూడా అదే టైముకి రమ్మంటే, సరంగు ఇంకోసారి చుట్టు తిరిగి రావడానికి తీరికెక్కడిది?