సున్నం చుక్కతో రాలిపోతాయా? పిల్లల ముత్యపు పొక్కుల మీద తిరిగే సలహాకు జవాబు

పిల్లల చంకల్లోనో, పొట్ట పక్కనో, మోకాళ్ల వెనకో ముత్యాల్లాంటి చిన్న పొక్కులు లేచి నెలల తరబడి పోకపోతే, బెజవాడ, గుంటూరు తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా వచ్చి పడుతుంది. దాని సారం ఇదీ: ఇవి పులిపిర్లు, ఒంట్లో వేడికి వస్తాయి, గుడ్డు, వంకాయ, మామిడిపండు మాన్పించాలి. సున్నంలో చాకలి సోడా కలిపి చుక్క పెడితే మూడు రోజుల్లో రాలతాయి. లేదంటే సూదితో గుచ్చి లోపలి తెల్ల గింజ తీసేస్తే మళ్లీ రావు. ఎర్రబడితే సెప్టిక్ అయినట్టే, యాంటీబయాటిక్ వేయాలి. అన్నీ పోయేదాకా బడికి పంపకూడదు. వీటిలో సున్నం మాట సగం నిజం. పిల్లలకు ఎక్కువ దెబ్బ తగిలేది కూడా అక్కడే.

ముందు పేరు సంగతి. ఇవి పులిపిర్లు కావు. పులిపిరి గరుకుగా, పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది, దాని వైరస్ వేరు. ఇది నున్నగా, గుండ్రంగా, 2 నుంచి 5 మిల్లీమీటర్ల మేర ఉబ్బి, నడిమధ్యలో బొడ్డులా చిన్న గుంట పడి ఉంటుంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే ఆ గుంట తెలుస్తుంది. దీని పేరు మొలస్కం కంటేజియోసం. ఈ వైరస్ మశూచి వైరస్‌కు దాయాది. ఆటలమ్మ వైరస్‌ది వేరే వంశం, కాబట్టి 'అమ్మవారు మిగిలిపోయింది' అనుకుని వేపాకుల మీద పడుకోబెట్టనక్కర్లేదు. జ్వరం ఉండదు, పిల్లాడు మామూలుగానే ఆడుకుంటాడు.

ఇక వేడి మాట. ఈ వైరస్ చర్మం పైపొరలోనే కాపురం ఉంటుంది. రక్తంలోకి దిగదు, లోపల ఎక్కడా దాక్కోదు. అంటుకున్నాక పొక్కు కనపడటానికి మామూలుగా 2 నుంచి 7 వారాలు, ఒక్కోసారి 6 నెలలు పడుతుంది. అంటే ఈరోజు కనపడ్డ పొక్కు బంగినపల్లి పళ్లు ఇంకా పూతలో ఉన్నప్పుడే అంటుకుని ఉండొచ్చు. మామిడిపండుకు ఈ కేసుతో సంబంధం లేదు, గుడ్డుకూ లేదు. నెలల తరబడి గుడ్డు మాన్పిస్తే నష్టపోయేది ఎదిగే పిల్లలే.

మరి ఎందుకు ఇంతకాలం ఉంటుంది? ఒంట్లోని రక్షణ వ్యవస్థ కళ్లు కప్పడంలో ఈ వైరస్ ఆరితేరింది. ఎరుపు, వాపు, నొప్పి లేకుండా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి శరీరం చాన్నాళ్లు దాన్ని పట్టించుకోదు. 2015లో అచ్చయిన ఒక బ్రిటన్ అధ్యయనంలో పిల్లలకు పూర్తిగా తగ్గడానికి సగటున 13 నెలలు పట్టింది, పదిమందిలో ముగ్గురికి ఏడాదిన్నర దాటినా మిగిలే ఉన్నాయి. మూడు రోజుల్లో రాలతాయని చెప్పేవాళ్లకు ఈ లెక్క రుచించదు.

ఇప్పుడు సున్నం. తడి సున్నంలో చాకలి సోడా కలిపితే తయారయ్యేది కాస్టిక్ సోడా, పాత సబ్బుల తయారీలో వాడిన రసాయన చర్యే ఇది. చర్మ వైద్యులు కూడా దీనికి దగ్గరి చుట్టమైన పొటాషియం హైడ్రాక్సైడ్‌ను ఈ పొక్కులకే వాడతారు. సలహాలో సగం నిజం ఉందన్నది అందుకే. తేడా అంతా కొలతలో ఉంది. డాక్టరు రాసే ద్రావణం 5 లేదా 10 శాతం. చుట్టూ వాజెలిన్ రాసి, పుల్ల మొనతో పొక్కు నెత్తి మీద మాత్రమే, చెప్పినన్ని సార్లు అద్దాలి. పొక్కు ఎర్రబడగానే ఆపేయాలి. కంటి దగ్గర, చర్మం మడతల్లో పెట్టకూడదు. ఇంట్లో కలిపిన ముద్దకు శాతం ఉండదు. సున్నం పాతదా కొత్తదా, సోడా చెంచాడా చిటికెడా అన్నదాన్ని బట్టి ఘాటు మారిపోతుంది. పైగా ముద్ద కాబట్టి అంటుకుని ఉండిపోతుంది, చెమట తగిలినకొద్దీ కరుగుతూ లోపలికి తింటూ పోతుంది. ఇలాంటి క్షారంతో చర్మం కాలితే మొదట్లో పెద్దగా మండదు. పిల్లాడు ఏడవలేదని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పొక్కుతో పాటు కింద చర్మమూ పుండై ఉంటుంది. ఆ పుండు మానినా మచ్చ జీవితాంతం మిగలొచ్చు. పొక్కును దాని మానాన వదిలేస్తే సాధారణంగా మచ్చ పడదు, పడినా లేత గుంటలా ఉంటుంది.

ఇంకో సంగతి. తాంబూలం సున్నం పొట్లాం పిల్లల చేతుల్లో చిట్లి కంట్లో పడటం మన దేశంలో కంటి డాక్టర్లకు కొత్త కాదు. చర్మం మీద పడితే పొడిగా ఉన్న సున్నాన్ని ముందు గుడ్డతో తుడిచేసి, తర్వాత కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే ఆ క్షణం నుంచే రెప్పలు విప్పి నీళ్లు పోస్తూనే ఉండాలి, అరగంట కడిగి నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. 'విరుగుడు' అంటూ నిమ్మరసం పిండొద్దు.

సున్నానికి తోబుట్టువు నల్లజీడి గింజ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే గింజ రసమిది. ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి, గీతలు గీతలుగా పాకుతాయి. గుర్రపు వెంట్రుక కట్టడమనే పద్ధతి కాడ ఉన్న పులిపిరికైతే కనీసం బిగుస్తుంది. ఈ పొక్కుకు కాడే లేదు, దేనికి కడతారు?

సూదితో గుచ్చే విషయానికొస్తే, లోపలి తెల్ల గింజ విత్తనమూ కాదు, చీమూ కాదు. అది వైరస్‌తో కిక్కిరిసిన కణాల ముద్ద. గోళ్లతో నొక్కినప్పుడు అది వేలికి అంటుకుంటుంది, అదే వేలితో పక్కన గీరుకుంటే వారాల తర్వాత అక్కడ వరసగా లేస్తాయి. గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్న పొక్కులు కనిపిస్తే గోరు నడిచిన దారి అదేనని గుర్తు. డాక్టర్లు కూడా గీకి తీస్తారు నిజమే, కానీ మత్తు క్రీము రాసి, గంటసేపు కప్పి ఉంచి, శుభ్రమైన పరికరంతో. మత్తు క్రీము మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది, మెడికల్ షాపులో కొని ఒళ్లంతా పూయకూడదు. రెండు మూడు ఉంటే ఇది తేలిక పని. ముప్పై ఉన్న నాలుగేళ్ల పిల్లను గట్టిగా పట్టుకుని తీయించడం మాత్రం పిల్లకు డాక్టరంటే హడలు పుట్టించడమే.

ఎర్రబడితే సెప్టిక్ అన్నది చాలామందిని ఆసుపత్రికి పరుగెత్తించే మాట. నెలల తరబడి నిశ్శబ్దంగా ఉన్న పొక్కు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, దురద పెట్టి, పైన పెచ్చు కట్టిందంటే తరచూ శరీరం దాన్ని ఇప్పటికి గుర్తుపట్టిందని అర్థం. అంటే అది పోయే దారిలో ఉంది. అప్పుడు యాంటీబయాటిక్ పనిలేదు. అసలు సెప్టిక్ అయితే వేరేగా ఉంటుంది: ఎరుపు పొక్కు దాటి గంటగంటకూ పాకుతుంది, తాకితే వేడిగా, బాగా నొప్పిగా ఉంటుంది, చీము కారుతుంది, జ్వరం వస్తుంది. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు అదే రోజు చూపించాలి.

బడి మాన్పించడం మరీ అన్యాయం. ఏడాది పైన ఉండే జబ్బుకు ఏడాది బడి మాన్పిస్తామా? ఇది గాలిలో రాదు. చర్మం చర్మానికి రాసుకుంటేనో, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితేనో అంటుతుంది. చొక్కా కింద ఉన్నవాటికి చొక్కాయే కప్పు. చేతుల మీద బయటకు కనిపించేవాటికి చిన్న టేపు అంటించి, రోజూ స్నానం తర్వాత మార్చండి. వేసవి ఈతకు పంపేటప్పుడు నీళ్లు తగిలినా ఊడని బ్యాండేజీ వేయండి, తువ్వాలూ ఈత పలకా ఎవరితోనూ పంచుకోవద్దని చెప్పండి.

మెసేజ్‌లో లేనిది, ఇంట్లో అసలు చేయాల్సింది స్నానాల గదిలో ఉంది. బీరపీచుతో తోమడం ఆపండి. ఆదివారం నూనె రాసి సున్నిపిండితో నలిచే అలవాటు ఉంటే పొక్కులున్న చోట వద్దు, ఆ రాపిడే వాటిని చుట్టూ నాటుతుంది. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు స్నానాలు విడివిడిగా, తువ్వాళ్లు విడివిడిగా. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి, పొక్కులున్న చోటు చివర అద్దండి. గోళ్లు వారానికోసారి కత్తిరించండి. పొక్కుల చుట్టూ ఎర్రగా పొడిబారి దురద పెడుతుంటే స్నానం కాగానే, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే వాజెలిన్ గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాయండి. దురద తగ్గితే గీరడం తగ్గుతుంది, పాకడమూ తగ్గుతుంది. ఇంట్లో ఉన్న తామర ట్యూబు మాత్రం ముట్టుకోవద్దు. ఆ కలగూర క్రీముల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది, పిల్లల చర్మాన్ని పలచన చేస్తుంది.

రెప్ప అంచున పొక్కు వచ్చి కన్ను ఎర్రబడితే, పొక్కులు మరీ పెద్దవై గుంపులుగా పెరుగుతుంటే, పిల్లలకు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు నడుస్తుంటే ఆగకుండా చర్మ వైద్యుల్ని కలవండి. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ చర్మ విభాగం ఓపీ ఉంది. ఇమిక్విమాడ్ అనే క్రీము పేరు ఎవరైనా చెబితే ఒక మాట గుర్తుంచుకోండి: పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షల్లో అది మందు కలపని ఉత్త క్రీము కంటే మెరుగ్గా పనిచేయలేదు. అమెరికాలో 2023లో కాంథారిడిన్ మందుకు, 2024లో బెర్డజైమర్ జెల్‌కు అనుమతి వచ్చింది. ఆ పేర్లు అంటించి ఆన్‌లైన్‌లో అమ్మే సీసాలు కొనొద్దు.

చివరి పొక్కు పోయాక వెంటనే తువ్వాళ్లు కలిపేయకండి. అప్పటికే అంటుకుని పైకి తేలనివి ఉండొచ్చు. రెండు నెలల పాటు వారానికోసారి వెలుతురులో చంకలు, మోకాళ్ల వెనక, నడుము చుట్టూ చూడండి. ఒక్కటి కనపడితే దాని మీద చిన్న టేపు ముక్క వేస్తే సరి.