మ్యాచ్‌లు ఆడించకుండా ర్యాంకు అడగగలమా?

గత ఏడాది జూలై అంటే 2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య జట్టును 2-1 తేడాతో ఓడించి, అర్హత పోటీల్లో గెలిచి ఆసియా కప్‌లో అడుగుపెట్టే ఘనతను తొలిసారి దక్కించుకుంది. ఆనాటికి ప్రపంచ ర్యాంకింగ్స్‌లో థాయ్‌లాండ్‌ది 46వ స్థానం, మనది 70. రెండు గోల్స్‌నూ సాధించిన సంగీతా బస్ఫోర్‌నూ, క్రిస్పిన్ ఛెత్రి శిక్షణలో రాణించిన జట్టునూ మనసారా అభినందిస్తూనే, ఈ రోజు రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను అడగవలసి ఉందని మేము భావిస్తున్నాం.

ఎందుకంటే మన మహిళలు ఆసియాలో వెనుకబడి మొదలైనవారు కారు. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లోనూ, తిరిగి 1983లోనూ భారత్ రన్నరప్‌గా నిలిచింది. మధ్యలో 1981లో మూడో స్థానం పొందింది. మహిళల ప్రపంచ కప్ అప్పటికింకా పుట్టనే లేదు. అది 1991లో మొదలయ్యే నాటికి మనం దిగజారిపోయాం, ఇప్పటిదాకా అందులో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఇతర ఆసియా దేశాలు లీగ్‌లు, అకాడమీలు నెలకొల్పుకుంటున్న కాలంలో మన జట్టు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మైదానానికి దూరంగా ఉండిపోయింది. ఏడాదిన్నరకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లే లేకపోవడంతో 2009లో ఫిఫా ర్యాంకుల జాబితా నుంచే భారత్ పేరు తొలగిపోయింది. ఒక జాతీయ జట్టుకు ఇంతకు మించిన అవమానం ఉండదు, అందులో క్రీడాకారిణుల తప్పు రవ్వంతైనా లేదు.

ఆడే అవకాశం దొరికినప్పుడు వారేం చేశారో దక్షిణాసియా టోర్నీ చెబుతుంది: 2010 నుంచి 2019 వరకు జరిగిన ఐదు శాఫ్ చాంపియన్‌షిప్‌లనూ మనవారే గెలిచారు. అయితే ఆ ఆధిపత్యం కూడా నిలవలేదు. 2022లోనూ 2024లోనూ సెమీఫైనల్లో నేపాల్ చేతిలో ఓడగా, రెండుసార్లూ టైటిల్ బంగ్లాదేశ్‌కు దక్కింది. ప్రాథమిక పాఠశాలల బాలికలకు దేశవ్యాప్త టోర్నీ నడిపి, అక్కడి నుంచే ఆటగాళ్లను ఏరి తీర్చిదిద్దుకున్న దేశం అది. మనమేమో 2022లో అండర్-17 ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చి, మూడు మ్యాచ్‌లలో 16 గోల్స్ ఇచ్చుకుని, ఒక్కటీ చేయలేకపోయాం. అదే ఏడాది సొంతగడ్డపై ఆసియా కప్‌లో జట్టులో కోవిడ్ వ్యాపించి, ఇరాన్‌తో ఒక్క మ్యాచ్ మాత్రమే ఆడి వైదొలగవలసి రావడం దురదృష్టం. దానికి ఎవరినీ నిందించలేం.

పిల్లల్లో ప్రతిభకు కొదవ లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2024-25కు సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు. అయినా తెలంగాణలోగానీ ఆంధ్రప్రదేశ్‌లోగానీ ఆమె బాటలో నడవాలనుకునే అమ్మాయికి క్రమం తప్పకుండా ఆడే జిల్లా లీగ్ కావాలి. రెండు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలూ పాఠశాలల స్థాయి నుంచే దాన్ని మొదలుపెట్టాలి. ఇండియన్ విమెన్స్ లీగ్‌ను సమాఖ్య కొన్ని నెలల పోటీగా సరిపెట్టక, ఏడాదిలో అధికభాగం నడిచేలా విస్తరించాలి. దేశ జట్ల మ్యాచ్‌ల కోసం ఫిఫా కేటాయించే ప్రతి అంతర్జాతీయ విరామంలోనూ మనకన్నా మెరుగైన జట్లతో మ్యాచ్‌లు ఖరారు చేసి, ఆ పట్టికను ఏడాది ముందే ప్రకటించాలి.