‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్న తరవాత

క్యాన్సర్ ఆస్పత్రుల ఓపీ గదుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి సేవ చేసుకోండి.’ ఆ మాటతో ఆస్పత్రి లెక్కలో ఒక మంచం ఖాళీ అవుతుంది. రోగికి మాత్రం అక్కడి నుంచి వారాలో నెలలో, ఒక్కోసారి ఏడాది దాకానో ఆయుష్షు మిగిలే ఉంటుంది. ఆ కాలమంతా నొప్పికి మందు ఎక్కడ దొరుకుతుంది, పుండు ఎవరు కడుగుతారు, రాత్రి రెండింటికి ఊపిరాడకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నలకు డిశ్చార్జి కాగితంలో జవాబు దొరకదు. సేవ చేసుకోమని చెప్పడం సులువే. ఎలా చేయాలో నేర్పేవారు, చేయడానికి తోడొచ్చేవారు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఎందరున్నారన్నదే ప్రభుత్వాలు తేల్చాల్సిన విషయం.

నోటి క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్న ఇంటి సంగతి చూడండి. పొగాకు, గుట్కా ఇంతగా పాకిన మన ప్రాంతంలో అలాంటి ఇల్లు ఎరగని ఊళ్లు తక్కువ. దవడను తొలిచిన పుండు నుంచి చీము కారుతుంది, దానితో పాటే వాసన. ముందు మనవల్ని దగ్గరికి పోనివ్వరు. ఆ తరవాత కంచం, చెంబు వేరవుతాయి. చివరికి మంచం వసారాలోకి మారుతుంది. ఇంట్లోవాళ్లకు ప్రేమ లేక కాదు, వాసనకు తాళలేక, అంటుకుంటుందేమోనన్న భయంతో. క్యాన్సర్ అంటుజబ్బు కాదని వారిని కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. ఊరి మందుల షాపులో విరేచనాలకు అమ్మే మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి, ఉప్పునీళ్లతో కడిగిన పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుందనీ వారికి తెలియదు. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు మనిషిని తల ఎత్తి కూర్చోబెట్టాలని, మంచం దిగలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము మీద పుండ్లు పడతాయని చెప్పడానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. ఒక నర్సు ఒక పూట ఆ ఇంట్లో కూర్చుంటే నేర్పగల పనులివి. ఆ ఒక్క పూట దొరక్కనే వసారాలో మంచం మీద మనిషి నెలల తరబడి ఒంటరిగా గడుపుతున్నాడు.

ఈ పనులన్నిటినీ కలిపి వైద్యులు పాలియేటివ్ కేర్ అంటారు, మన ప్రభుత్వ పత్రాల్లో ఉపశమన చికిత్స. ఇంట్లో సాధ్యపడనప్పుడు చివరి రోజుల్లో ఆ సేవ అందించే చోటు హాస్పిస్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరవాత ఆస్పత్రిలో రోగుల కష్టసుఖాలు చూసే సాంఘిక సేవకురాలు, ఆపైన డాక్టరు. రోగి పడే బాధలో ఒంటినొప్పి ఒక పాలు మాత్రమేనని, మనసు, కుటుంబం, నమ్మకాలు అన్నీ అందులో కలిసి ఉంటాయని ఆమె గట్టిగా చెప్పారు. మన ఇళ్లలో వాటికి అప్పు కూడా తోడవుతుంది. మన దేశంలో తొలి హాస్పిస్‌గా చెప్పుకొనే శాంతి అవేదన ముంబైలో 1986లో మొదలైంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఇలాంటి సేవ అవసరమని, అందుతున్నది వారిలో నూటికి 14 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరంతా క్యాన్సర్ రోగులే అనుకోవడం పొరపాటు. కిడ్నీలు చెడినవారు, గుండె బలహీనపడినవారు, పక్షవాతంతో మంచాన పడ్డవారు, మతిమరుపు ముదిరిన వృద్ధులు కూడా ఇందులో ఉన్నారు. చికిత్స ఆపేశాకే ఉపశమనం మొదలుపెట్టాలన్న నియమం కూడా లేదు. కీమో నడుస్తుండగానే నొప్పి తగ్గించడం వైద్యంలో భాగమే.

నొప్పి అనగానే నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్ దగ్గర ఆగాలి, ఎందుకంటే మన విధానాల డొల్లతనం ఇంత స్పష్టంగా బయటపడే చోటు మరొకటి లేదు. నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్న రైతులు గసగసాల కాయకు గాటు పెట్టి తీసిన పాలు నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలకు చేరి, అక్కడి నుంచి విదేశాలకూ వెళ్లాయి. పక్కవాడి నొప్పికి మందు మన దగ్గర పుట్టింది, మన రోగికే అది కరవైంది. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఒక్కో అనుమతికి ఒక్కో శాఖ గడప తొక్కలేక, చిన్న పొరపాటుకే జైలన్న భయంతో ఆస్పత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టడమే మానుకున్నాయి. తరవాతి పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ నూటికి 90 పాళ్లకు పైగా పడిపోయింది. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అత్యావశ్యక మాదక ఔషధాల జాబితాలో మార్ఫిన్ చేరింది, రాష్ట్రానికో రకం లైసెన్సులు పోయి దేశమంతటికీ ఒకే నిబంధన వచ్చింది.

చట్టం మారినంత తొందరగా భయం పోలేదు. మార్ఫిన్ ఇస్తే రోగి దానికి బానిసవుతాడని, ప్రాణం త్వరగా పోతుందని నమ్మే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. శిక్షణ పొందిన వైద్యుడు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతూ, నాలుగు గంటలకోసారి నోటిద్వారా ఇచ్చే మాత్ర మనిషిని చంపదు, నిద్ర పట్టిస్తుంది. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి మందు తోడివ్వాలి, అంతే. అయినా గుర్తింపు పొందిన సంస్థల్లోనే దొరికే ఈ మాత్రల కోసం మారుమూల మండలంలోని భార్య రోజుకూలీ వదులుకుని, రెండు బస్సులు మారి నగరానికి రావాల్సిందే. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు, దాన్ని తెచ్చుకోవడానికయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

కేరళ ఈ దూరాన్ని ఎలా తగ్గించిందో చూసి నేర్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో ఒక చిన్న నొప్పి క్లినిక్‌గా మొదలైన పని ఊళ్లలోకి పాకింది. మామూలు మనుషులు శిక్షణ తీసుకుని నర్సుల వెంట ఇళ్లకు నడిచారు. 2008లో ఆ రాష్ట్రం దేశంలోనే మొదటిసారి ఉపశమన చికిత్సా విధానాన్ని ప్రకటించి ఆ బాధ్యతను పంచాయతీలకు అప్పగించింది. అక్కడి బృందాలు పుండు కడిగి వెళ్లిపోవు. ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని కూడా చూస్తాయి. మన పంచాయతీలు వీధిదీపాలకు, మురుగు కాల్వలకు తీర్మానాలు చేసినట్టే మంచాన పడ్డవారి జాబితా ముందు పెట్టుకుని తీర్మానం చేయడానికి అడ్డేమిటో పాలకులు చెప్పాలి.

తెలుగునాట ఏమీ జరగడం లేదనడం అన్యాయం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో దాదాపు రెండు దశాబ్దాలుగా ఉపశమన చికిత్సా విభాగం నడుస్తోంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ రోగుల నుంచి రుసుము తీసుకోకుండా చివరి రోజుల్లో ఆశ్రయమిస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో ఉపశమన కేంద్రాలు తెరిచి, ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలు పెట్టింది. పేరుకు తగ్గ పథకం అది. అయితే జిల్లా కేంద్రం నుంచి బయల్దేరే బండి చివరి తండాకు ఎన్నాళ్లకోసారి చేరుతుందన్నదే దాని విలువ తేలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ శివారు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉత్తరాంధ్రకు పెద్ద అండ. కానీ రాయలసీమ రోగి చికిత్సకు తరచూ బెంగళూరో, వేలూరో, హైదరాబాదో పోతాడు. అక్కడ ‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్నాక తిరిగి సొంతూరు చేరేసరికి అతను ఏ రాష్ట్రం లెక్కలోనూ ఉండడు. ఏ ఆస్పత్రి అయినా ఇలాంటి రోగిని పంపేముందు సొంత జిల్లాలోని ఉపశమన కేంద్రానికి కబురు పంపి, ఆ నర్సు ఫోన్ నంబరును డిశ్చార్జి కాగితం మీద రాసి, ఇంటికి చేరాక కనీసం రెండు వారాలకు సరిపడా నొప్పి మందు చేతిలో పెట్టేలా ఇరు రాష్ట్రాలూ మాట్లాడుకోవాలి.

నగరంలోని కష్టం వేరు. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి చావు కూడా ఇంటి యజమాని అనుమతితోనే రావాలి. రోగి చివరి దశలో ఉన్నాడని తెలియగానే ఇల్లు ఖాళీ చేయమనేవారు, శవాన్ని గడప లోపలికి తేవద్దనేవారు మన మధ్యనే ఉన్నారు. మైల, ఇంటికి అరిష్టమన్న పట్టింపులకు బడుగు కుటుంబాలు ఫుట్‌పాత్ మీద టెంటు వేసుకుని కర్మకాండ కానిచ్చుకోవాల్సి వస్తోంది. కళ్లముందే జరుగుతున్న ఈ అమానుషాన్ని ‘ఎవరి ఇల్లు వారిష్టం’ అని వదిలేయలేం. జంట నగరాల్లో, విజయవాడ, విశాఖలలో మునిసిపల్ కార్పొరేషన్లు ప్రతి జోన్‌లో కొద్ది మంచాలతోనైనా హాస్పిస్ నడపడానికి ఇదొక్క కారణం చాలు.

రోగి చుట్టూ ఉన్నవారి సంగతి ఏ లెక్కలోనూ కనబడదు. రాత్రిళ్లు నిద్రలేక, పగలు పనికి పోలేక భార్యో కోడలో పెద్ద కూతురో అలసిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి ఇస్తున్న నెలకు రూ.15,000 పింఛను మంచి నిర్ణయం. చివరి దశ క్యాన్సర్ రోగి ఇంటి పరిస్థితి అంతకంటే ఏ విధంగా మెరుగో ప్రభుత్వం ఆలోచించాలి. తెలంగాణలోనూ సంరక్షకులకు ఎంతోకొంత భృతి ఇవ్వాలి. వారానికి ఒక పూట వారి బదులు మంచం పక్కన కూర్చునే మనిషి దొరికినా ఆ ఇల్లు తేరుకుంటుంది. పోయినవారి దినాలు ముగిశాక కూడా ఆ గడప తొక్కి పలకరించేవారు ఉండాలి. అప్పులవాళ్లు ఎటూ వస్తారు.

ఉపశమన చికిత్సను కారుణ్య మరణంతో కలిపి చూసేవారికి ఒక మాట. సుప్రీంకోర్టు 2018లో జీవన వీలునామాను గుర్తించి, 2023లో దాన్ని నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాసుకునేలా సులభం చేసింది. ఫలితం లేని యంత్రాలు తనకు వద్దని చెప్పే హక్కు మనిషికి ఉందని దాని సారాంశం. కానీ నొప్పికి మందు దొరకని చోట ‘నన్ను పోనివ్వండి’ అన్న రోగి మాటలో ఎంత అతని ఇష్టమో, ఎంత నొప్పి పలికించిందో తేల్చడం ఎవరితరం?

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, ఉపశమన చికిత్స ఉన్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని అడగడానికి కొత్త విధానం అక్కర్లేదు. మండలానికి ఒక డాక్టరుకు, ఇద్దరు నర్సులకు శిక్షణ ఇవ్వాలి. ప్రతి ఏరియా ఆస్పత్రి మార్ఫిన్ నిల్వకు గుర్తింపు పొందేలా గడువు పెట్టాలి. ఏ ఆస్పత్రి బీరువాలో ఎన్ని మాత్రలున్నాయో ప్రతి నెలా జిల్లా కలెక్టరు సమీక్షలో చదివి వినిపించాలి, డెంగీ కేసులు చదివినట్టే.