అరుగుల వరస చెడకుండా

ఒడిశాలోని బరంపురం పాతబస్తీలో వరసగా ఉన్న అరుగుల మధ్య పెంకులు జారి, మట్టిగోడలు కరిగి, చెత్తకుప్పలైన స్థలాలు కనిపిస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పెంకుటిళ్ళు గాలికి ఎంత తట్టుకుంటాయో ఊరంతా చూసింది. అయినా ఊరి బయట లేఅవుట్లు వేయడం కంటే, కుళాయి, కరెంటు స్తంభం, బజారు ముందే ఉన్న ఈ ఖాళీల్లో ఒక్కొక్క ఇల్లే కట్టుకోనివ్వడం మేలని మా అభిప్రాయం.

స్థలం 12 అడుగుల వెడల్పు, 80 అడుగుల పొడవు అనుకుందాం. రెండు పక్కలా మూడేసి అడుగులు వదలమంటే మిగిలేది 6 అడుగులు. జాతీయ భవన నియమావళి మాత్రం గదికి కనీసం 2.4 మీటర్ల (దాదాపు 8 అడుగుల) వెడల్పు ఉండాలంటుంది! కాబట్టి గోడకు గోడ ఆనించనివ్వాలి. గాలీ వెలుతురూ ముందు నుంచి కాక, ఇంటి మధ్యలో ఆకాశానికి వదిలిన రెండు వాకిళ్ళ నుంచి రావాలి. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు నేసే ఇంట్లో కింద మగ్గం, పైన కాపురం సరిపోతుంది. ముందు భాగాన్ని కారు కోసం వెనక్కి జరిపితే అరుగుల వరస తెగిపోతుంది. అది ఒప్పుకోకూడదు.

అసలు ప్రమాదం పునాదిలో ఉంది. పక్కింటి మట్టిగోడ రెండడుగుల లోతునే ఆగి ఉంటుంది. దాని పక్కన ఐదడుగుల కందకం ఒక్కసారిగా జేసీబీతో తవ్వితే గోడ కింది మన్ను జారి గోడ మనవైపే కూలుతుంది. నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి, మనుషులతోనే తవ్వించాలి. ఒక ముక్కలో కాంక్రీటు గట్టిపడ్డాకే పక్క ముక్క ముట్టుకోవాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు. గోడకు గోడ ఆనించినా రెండింటి మధ్య మిగిలే నాలుగు అంగుళాల సందుకు పైన రేకు మూత వేయాలి. లేకపోతే వాన నీళ్ళు అందులోకి దిగి పక్కవాళ్ళ గోడను లోపల్నుంచి నానబెడతాయి.

ఇంకో పీడ సిమెంటు రోడ్డు. పాత పొర గీకకుండా పైన పొర వేసుకుంటూ పోతే పాత ఇళ్ళ గడపలు రోడ్డు కిందికి పోతాయి. కొత్తవాళ్ళేమో మూడడుగుల ఎత్తున పీఠం లేపి, వాన నీళ్ళు పక్కింటికి తోలతారు.

పట్టా తాతగారి పేరుమీదే ఉంటే బ్యాంకు అప్పివ్వదు. వారసుల పేర్లు ఎక్కించే శిబిరాలు నగరపాలక సంస్థే తహసీల్దారుతో కలిసి వీధిలో పెట్టాలి. ప్లాను మంజూరు చేసేటప్పుడు, పక్కింటి గోడ పగుళ్ళ ఫొటోలు తేదీతో, ఇరువైపుల సంతకాలతో జతచేయమనాలి. లేకుంటే పాత పగులేదో కొత్త పగులేదో రేపు తేల్చేవాడుండడు.